మీ సూచన పరిశీలనలో ఉంది

"ఇంకా ఎంతసేపండీ?" అని హైమ మళ్లీ అడిగింది.

"అయిపోవచ్చింది," అన్నాను. అయిపోలేదు. బ్రౌజర్‌లో నీలిరంగు గీత సగం దాకా పాకి అక్కడే చతికిలబడింది. ఆ గీత చివరికి చేరితే నా భార్యకి నిన్నటి రోజు గుర్తొస్తుంది. నిన్న ఒక్కటే కాదు, జ్వరం తర్వాత గడిచిన ఏడేళ్లూ గుర్తొస్తాయి. చేరకపోతే ఆమెకి తెలిసింది ఉయ్యాలలో ఉండే పాప, నేను, అదీ ఏడేళ్ల కిందటి నేను. నా జుట్టు ఎప్పుడు నెరిసిందని అడుగుతుంది.

కుందన ఉప్మా గిన్నె పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. మా అమ్మాయికి ఎనిమిదో ఏడు. స్కూలు బ్యాగు అప్పటికే భుజానికి తగిలించుకుంది.

"వచ్చిందా నాన్నా?"

"లేదమ్మా."

"బస్సొచ్చేస్తుంది."

వీధి చివర హారన్ వినిపించింది. కుందన గిన్నె అక్కడే పెట్టి పరుగెత్తింది. వెళ్తూ వెళ్తూ తల్లివైపు చూసి చెయ్యి ఊపింది. హైమ కూడా ఊపింది, పక్కింటి పిల్లకి ఊపినట్టు మర్యాదగా. బస్సు మలుపు తిరిగాక గీత ఆఖరికి చేరింది. హైమ చెవి వెనక ఉన్న పట్టీలో చిన్న దీపం వెలిగింది. ఆమె కళ్లు మూసుకుని కాసేపు కూర్చుని, తెరవగానే, "అయ్యో, కుందన వెళ్లిపోయిందేటండీ? ఇవాళ దానికి లెక్కల పరీక్ష కదా, ఒక్క మాటైనా చెప్పలేదు," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. వారంలో సగం రోజులు ఇదే తంతు.

మెదడువాపు జ్వరం తగ్గాక హైమ అన్ని విధాలా బాగానే ఉంది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మనిషి, పాఠాలేవీ మరిచిపోలేదు. కొత్తవే నిలవవు. నిద్రపోయి లేస్తే ముందు రోజు తుడిచిపెట్టుకుపోతుంది. విశాఖలో మా పరిశోధనశాల అలాంటివాళ్ల కోసమే ఆ పట్టీని తయారుచేసింది. దాని మీద పనిచేసిన ఇద్దరు ఇంజినీర్లలో నేనొకణ్ణి, రెండోవాడు భాస్కర పాత్రుడు. పట్టీ రోజంతా మెదడు నుంచి సంకేతాలు పోగుచేస్తుంది. పొద్దున్నే వాటిని కంప్యూటర్‌కి అప్పజెప్పి తను ఖాళీ అవుతుంది. వాటిని ఏరి, కుదించి, పాతవాటితో కలిపి ఒక కూర్పుగా చేయడానికి పెద్ద యంత్రాలు కావాలి. కూర్పు తిరిగొచ్చి పట్టీలో కూర్చున్నాక మనిషికి తన జీవితం తనకి అందుతుంది. మొదటి ప్రయోగంలో చేరిన గుప్పెడుమందిలో హైమ ఉంది. నా భార్య కాబట్టి చేర్చుకోలేదు, ఆ జబ్బు ఉంది కాబట్టే చేర్చుకున్నారు. పాత్రుడు అప్పటికే మొదలుపెట్టిన ఆ పనిని, హైమకి జబ్బు వచ్చింది కాబట్టే నేనూ తలకెత్తుకున్నాను.

మా ల్యాబులో కంప్యూటర్లన్నీ లినక్స్ అనే సిస్టం మీదే నడిచేవి. డబ్బు పెట్టక్కర్లేదని కాదు. లోపల ఏం జరుగుతోందో మేమే విప్పి చూసుకోవచ్చని. మనిషి మెదడుకి తగిలించే వస్తువుని, లోపలేముందో చూడనివ్వని యంత్రానికి ఎవరు కడతారు? అందుకని మొదటి పట్టీలు లినక్స్‌తో తప్ప మాట్లాడవు. అప్పట్లో అది మాకు గర్వంగా ఉండేది.

తర్వాత నభోనిధి అనే కంపెనీ వచ్చింది. ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచిపెట్టే క్లౌడ్, అంటే మేఘ సేవ వాళ్లది. ల్యాబుని, పట్టీని, పాత్రుణ్ణి కూడా కొనుక్కుంది. మా కూర్పు యంత్రాలు మూసేసి అంతా తమ మేఘంలోకి ఎక్కించారు. దాన్ని వాడుకోవడానికి కంప్యూటర్‌లో పెట్టుకునే ప్రోగ్రాం ఒకటి విడుదల చేశారు. అందరూ వాడే రెండు సిస్టంలకి ఇచ్చారు. లినక్స్‌కి ఇవ్వలేదు.

అంటే హైమ పట్టీ లినక్స్‌తోనే మాట్లాడుతుంది, నభోనిధి లినక్స్‌తో తప్ప అందరితోనూ మాట్లాడుతుంది. మధ్యలో నేను, బ్రౌజర్ తెరుచుకుని, ముక్కలు ముక్కలుగా ఉన్న నా భార్య నిన్నటి రోజుని ఒక్కో ఫైలుగా చేత్తో పైకి ఎక్కిస్తూ, కూర్పుని చేత్తో కిందికి దింపుతూ.

ఫోన్ చేశాను.

"నమస్కారం సార్, నభోనిధికి స్వాగతం, నా పేరు నిషిత. మీ కంప్యూటర్‌లో ఏ సిస్టం ఉందో చెప్తారా?"

"లినక్స్."

"ఒక్క నిమిషం సార్. ఆ పేరు నాకిక్కడ రావట్లేదు. 'ఇతరములు' అని పెట్టమంటారా?"

"పెట్టండి."

"పెట్టాను సార్. ఇతరములకి సేవ లేదండీ."

"లేదని తెలిసే చేశానమ్మా. ఎప్పుడిస్తారని అడుగుతున్నాను."

"మీ సూచన రాసుకుంటాను సార్. ఈలోగా మీరు సిస్టం మార్చుకుంటే మీ ఇబ్బంది తీరిపోతుంది."

సిస్టం మార్చుకోవాలి. ఈ మాట నాకు ఎంతమంది చెప్పారో. మా బావమరిది చెప్పాడు, ఎదురింటాయన చెప్పాడు, కంప్యూటర్ తుడిచే గుడ్డ అమ్మేవాడు కూడా చెప్పాడు. పట్టీ సంగతి మొదటి నుంచీ వివరించేసరికి వాళ్ల ముఖాల్లో విసుగు కనిపించేది. ఎందుకొచ్చిన పట్టుదల అన్నట్టు చూసేవాళ్లు. పట్టుదల ఏముంది నా బొంద.

నభోనిధి వాళ్ల సైటులో వినియోగదారుల కోరికల పేజీ ఒకటి ఉండేది. అందులో 'లినక్స్ డెస్క్‌టాప్‌కి ప్రోగ్రాం కావాలి' అన్న కోరిక ఎప్పటి నుంచో అందరికంటే పైన ఉంది. దాని కింద కంపెనీ జవాబు అతికించి ఉంది: మీ సూచన పరిశీలనలో ఉంది. ఏళ్ల తరబడి ఆ వాక్యం అలాగే ఉంది. అక్కడికొచ్చేవాళ్లలో ఎక్కువమందికి పట్టీ ఊసే తెలియదు. పెళ్లి ఫొటోలు తీసే ఒక గుంటూరు అబ్బాయి, థీసిస్ రాసుకుంటున్న ఒకావిడ, ఇలాంటి మామూలు జనం, మామూలు ఫైళ్లు. ఒకాయన వచ్చినప్పుడల్లా 'ఇంకా లేదా' అని మాత్రం రాసి వెళ్లేవాడు. ఆయనంటే నాకు భలే అభిమానం.

కుందన కూడా అందులో ఓటేసింది. నా పేరుతో ఒకటి, తన పేరుతో ఒకటి, చచ్చిపోయిన మా అమ్మ పేరుతో ఇంకొకటి.

"తప్పు కదే," అన్నాను.

"నాన్నమ్మ ఉంటే వెయ్యదా ఏటి?" అంది.

పాత్రుడు ఒకసారి విశాఖ వచ్చినప్పుడు ల్యాబు క్యాంటీన్‌లో పట్టుకున్నాను. ఇప్పుడు వాడు హైదరాబాదులో నభోనిధికి పెద్ద మేనేజరు. చొక్కా మారింది కానీ టీ సాసర్లో పోసుకుని తాగడం మారలేదు.

"నువ్వడిగేది తప్పని నేననను గురూ," అన్నాడు. "కానీ మీరెంతమంది? మొదటి పట్టీల వాళ్లు గుప్పెడు. ఆ పేజీలో గోలపెట్టే లినక్స్ జనాలందర్నీ కలిపినా నూటికి ఇద్దరో ముగ్గురో. దానికోసం ఒక టీముని కూర్చోబెట్టమంటే నన్ను చూసి నవ్వుతారు."

"మా ఇంట్లో అయితే నూటికి నూరుమంది."

"ఎటకారం ఆడకు. హైమమ్మకి కొత్త పట్టీ వేయించెయ్. కొత్తవి ఆ రెండు సిస్టంలతోనూ పనిచేస్తాయి."

"కొత్త పట్టీ పాత కూర్పు చదువుతుందా?"

పాత్రుడు సాసర్లో మిగిలిన టీ తాగేశాడు. "మొదట్నుంచి మొదలెట్టాలి. అయినా మనిషి ఎదురుగా ఉంది కదా."

"కుందన నడక, మాటలు, స్కూలు, అమ్మవారు పోసినప్పుడు పక్కలోంచి కదలకుండా కూర్చున్న రోజులు, అన్నీ ఆ కూర్పులోనే ఉన్నాయిరా. వదిలెయ్యమని హైమకి నువ్వొచ్చి చెప్పు."

వాడు రాలేదు. టీ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.

ఇక ఎవర్నీ బతిమాలేది లేదనుకున్నాను. లినక్స్ వాళ్లం కదా, ఎవరూ ఇవ్వనిది మేమే రాసుకుంటాం. అది మాకు అలవాటు, జబ్బు కూడా. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని, కంప్యూటర్ తనంతట తానే రోజూ చేసుకుపోయేలా చిన్న స్క్రిప్టు రాశాను. అది చేసే పని రెండే ముక్కలు. ముందు ఇంట్లో డిస్కు మీద ఎలా ఉందో మేఘంలో అలా ఉంచాలి. కూర్పు తయారయ్యాక మేఘంలో ఎలా ఉందో ఇంట్లో అలా ఉంచాలి. ఒకచోట లేనిది రెండోచోట కనబడితే తుడిచెయ్యాలి. ఆ తుడవడం పెట్టకపోతే పాత కూర్పూ కొత్త కూర్పూ రెండూ పట్టీలోకి ఎక్కి, హైమకి ఒకే రోజు రెండుసార్లు జరిగినట్టు అనిపించేది. ఒకసారి అలాగే అయి, ఒకే పెళ్లికి రెండుసార్లు వెళ్లామని నాతో వాదించింది.

స్క్రిప్టు బ్రహ్మాండంగా పనిచేసింది. హైమ లేచేసరికి అంతా సిద్ధం. కోరికల పేజీలో పెడితే జనం ఎగబడ్డారు. 'ఇంకా లేదా' పెద్దాయన మొదటిసారి వేరే మాట రాశాడు: దణ్ణం బాబూ.

ఆ నెలలు మా ఇంట్లో మంచి నెలలు. పొద్దున నీలిగీతకి కాపలా కాసే పని తప్పింది. కుందనకి జడ వేస్తూ హైమ నిన్నటి సంగతి అడిగేది, కుందన నిన్నటి సంగతి చెప్పేది, ఇద్దరూ నిన్న ఆగినచోట నుంచి మొదలెట్టేవాళ్లు. ఒకసారి పెన్సిల్ పెట్టె పోగొట్టుకున్నందుకు హైమ దానితో మాట్లాడలేదు. మర్నాడు లేచాక కూడా మాట్లాడలేదు. కుందన నా దగ్గరికి వచ్చి గుసగుసగా, "నాన్నా, అమ్మకి ఇంకా కోపం పోలేదు," అంది. దాని ముఖం వెలిగిపోతోంది. ఆ సంతోషం నాకు అర్థమైంది. తల్లి కోపం రాత్రి దాటి బతకడం ఎంత భాగ్యమో మిగతా ఇళ్లల్లో తెలియదు.

అప్పుడు తుఫాను వచ్చింది. విశాఖకి తుఫాను కొత్తేమీ కాదు. రాత్రే కరెంటు పోయింది. కంప్యూటర్, ఇంటర్నెట్ పెట్టె ఇన్వర్టర్ మీద బతికే ఉన్నాయి. జ్ఞాపకాలున్న డిస్కుకి మాత్రం విడిగా అడాప్టర్ ఉంది. దాని ప్లగ్గు ఇన్వర్టర్ లేని గోడకి ఉంది. ఆ గోడకి ఎందుకు పెట్టానంటే అక్కడ చోటుంది కాబట్టి. డిస్కు ఆగిపోయింది. లినక్స్‌లో డిస్కు ఊడిపోయినా దాని పేరుతో ఫోల్డరు అలాగే నిలబడి ఉంటుంది. సరుకు తీసేసినా డబ్బా అలమారులో ఉన్నట్టు.

తెల్లవారగానే స్క్రిప్టు దాని వేళకి అది లేచింది. ఫోల్డరు చూసింది. ఖాళీగా ఉంది. యజమాని అన్నీ తీసేశాడనుకుంది. చెప్పిన పని చెప్పినట్టు చేసింది: ఇంట్లో లేనివన్నీ మేఘంలో తుడిచేసింది. కాసేపటికి కరెంటొచ్చింది. డిస్కు మేలుకుని, ఏడేళ్లూ భద్రంగా పట్టుకుని తన ఫోల్డరులోకి వచ్చి కూర్చుంది. అప్పుడు రెండో ముక్క వంతు వచ్చింది. మేఘంలో ఏమీ లేదు కాబట్టి ఇంట్లోనూ ఏమీ ఉండకూడదు. డిస్కునీ తుడిచేసింది; పట్టీ ఎప్పటిలాగే అప్పటికే ఖాళీ అయి ఉంది.

తుడిచేముందు డిస్కు అసలు తగిలించి ఉందో లేదో చూడు అని ఒక్క వాక్యం రాయాలి. ట్రైనింగు పిల్లలకి నేనే చెప్పేవాణ్ణి. నా ఇంటికి రాసుకున్నదాంట్లో అది లేదు.

మా గదిలో పైకప్పు కారుతోందని కుందన బకెట్ పెట్టడానికి వచ్చింది. ఒళ్లంతా తడిసిపోయి ఉంది. అప్పుడే హైమ లేచింది.

"ఏవండీ, పాపేది? ఉయ్యాల ఎక్కడ పెట్టారు?" అంది. తర్వాత కుందనని చూసింది. "ఎవరింటి పిల్లవి తల్లీ? ఈ వానలో తడుచుకుంటూ వచ్చావేం? తువ్వాలివ్వండి, పాపం."

"నేనేనమ్మా," అంది కుందన.

హైమ నావైపు చూసింది. నేను కంప్యూటర్ వైపు చూశాను. డిస్కు తీసుకుని తెలిసినవాళ్ల దగ్గరికల్లా తిరిగాను. కొత్తరకం డిస్కు సార్, తుడిచింది తుడిచినట్టు లోపల కూడా కడిగేస్తుంది, ఇక రాదు అన్నారు.

నభోనిధిలో తుడిచేసినవాటికి చెత్తబుట్ట ఉంటుంది. కొన్నాళ్ల దాకా తీసుకోవచ్చు. నెత్తీ నోరూ బాదుకుంటూ ఫోన్ చేశాను. మళ్లీ నిషితే దొరికింది. నా గొంతు విని ఆ అమ్మాయి కంగారుపడింది, లోపలికెళ్లి పెద్దవాళ్లని అడిగి వచ్చింది.

"సార్, మా ప్రోగ్రాం నుంచి తుడిచినవే చెత్తబుట్టలోకి వెళ్తాయంటున్నారు. మీరు బయటి ప్రోగ్రాం వాడారు కాబట్టి..."

"మీది ఇస్తే మీదే వాడేవాణ్ణి కదమ్మా."

"తెలుసు సార్. ఇంకొకటి కూడా ఉంది సార్. ఒకేసారి అన్ని ఫైళ్లు పోయాయి కాబట్టి అనుమానం కింద మీ ఖాతా ఆపేశారు. విచారణ అయ్యేదాకా కొత్త కూర్పులు కూడా రావు. నన్ను క్షమించండి."

ఆ పిల్లనేం అంటాం. ఫోన్ పెట్టేసి గోడకి చెప్పుకున్నాను.

ఖాతా ఆగిపోవడంతో పోయినవి పోగా కొత్తవి కూడా నిలవడం మానేశాయి; ఏ రోజు సంకేతాలు ఆ రోజే కూర్చకపోతే పాడైపోతాయి. రోజూ పొద్దున్నే హైమకి మొదటి నుంచి చెప్పాలి. నీకు జ్వరం వచ్చింది, ఏడేళ్లయింది, పాప పెద్దదైంది. ఆమె రోజూ అదే చోట ఏడ్చేది. రోజూ ఒకే మాట అడిగేది: నడిచినప్పుడు నేను చూశానా? చూశావని చెప్పేవాణ్ణి. మధ్యాహ్నానికి కుందనని దగ్గరకు తీసుకునేది, సాయంత్రానికి జడ వేసేది, పడుకుంటే అంతా అయిపోయేది.

"పొద్దున నేను మీ గదిలోకి రాను నాన్నా," అని కుందన ఒకరోజు చెప్పింది. "నువ్వు అంతా చెప్పేశాక పిలువు. అప్పుడొస్తాను. అమ్మ నన్ను అలా చూస్తే నాకు బాగోదు."

అలాగే చేశాం. నా కోపం మాత్రం ఇల్లంతా తిరిగేది. కుక్కర్ మూత పడకపోయినా నభోనిధిని తిట్టేవాణ్ణి. స్క్రిప్టు సంగతి నాలోనే తొలుస్తుంటే, దాని నోరు నొక్కడానికి కంపెనీని ఇంకా గట్టిగా తిట్టేవాణ్ణి. "ఆ ప్రోగ్రాం ఒక్కటి ఇచ్చుంటే మీ అమ్మ మీ అమ్మలాగే ఉండేదే," అని కుందనతో ఎన్నిసార్లు అన్నానో. అది తలూపేది. రోజూ స్కూలు నుంచి రాగానే కోరికల పేజీ తెరిచి చూసేది. పరిశీలనలో ఉంది అని ఉండేది. మూసేసేది.

పాత్రుడికి సంగతి తెలిసి వచ్చాడు. హైమ వాణ్ణి పాత ల్యాబు పాత్రుడుగానే గుర్తుపట్టి, "ఏం పాత్రుడన్నయ్యా, పట్టీ పని ఎంతవరకు వచ్చింది?" అని అడిగింది. వాడు లేచి బాల్కనీలోకి పోయాడు. నేను వెనకే వెళ్లాను.

"నన్ను తిట్టు గురూ," అన్నాడు.

"తిట్టి తిట్టి నోరు నొప్పెడుతోంది."

"ఈసారి మీటింగులో ఎంతమందని అడిగితే హైమమ్మ పేరు చెప్తాను. ప్రోగ్రాం తెస్తాను. ఖాతా కూడా తెరిపిస్తాను."

"ఇప్పుడెందుకురా?"

"మిగతావాళ్లకైనా," అన్నాడు. అది నిజమే. మొదటి పట్టీల వాళ్లలో నా స్క్రిప్టు వాడుతున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ లేని వాక్యం చేర్చి అందరికీ పంపించాను. అది పంపిన రోజు నాకు అన్నం సహించలేదు.

పాత్రుడు మాట నిలబెట్టుకున్నాడు. చలికాలంలో ఒక పొద్దున, హైమ ఇంకా లేవకముందు, నేను టీ పెట్టుకుని కంప్యూటర్ దగ్గర కూర్చుంటే ఉత్తరం వచ్చి ఉంది. మీరు అందరికంటే ఎక్కువగా కోరిన సౌకర్యం వచ్చేసింది, లినక్స్‌కి నభోనిధి. మీ ఖాతా కూడా పునరుద్ధరించాం. అసౌకర్యానికి చింతిస్తున్నాం. చింతిస్తున్నారట.

ముందు మూసేద్దామనుకున్నాను. కానీ ఇవాళ్టి నుంచైనా రోజులు నిలుస్తాయి కదా. రేపు పొద్దున హైమకి కనీసం ఇవాళ ఉంటుంది. ప్రోగ్రాం దింపుకుని పెట్టాను. చక్కగా వచ్చింది, ఒక్క తప్పు లేదు. తలనొప్పి లేదు, స్క్రిప్టు లేదు, నీలిగీత లేదు. ఇంత తేలికైన పని కోసమా ఇన్నేళ్లు ఏడిపించారు అనిపించింది. అది నా ఫోల్డరులోకి వెళ్లి చూసుకుంది, మేఘంలోకి వెళ్లి చూసుకుంది. రెండూ సరిగ్గా ఒకలాగే ఉన్నాయి. ఆకుపచ్చ టిక్కు వేసి తెలుగులో రాసింది: మీ ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయి.

నేను ఆ వాక్యం వైపు చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపయిందో తెలియదు.

"వచ్చేసిందా?"

కుందన నా కుర్చీ వెనక నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో గమనించలేదు. పెదాలు కదుపుతూ చదువుకుంది. అన్నీ. భద్రంగా. దాని చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది.

"కుందనా, అది అలా కాదమ్మా," అని మొదలెట్టాను. ఎలా చెప్పాలి? ఏమీ లేకపోయినా అది అలాగే అంటుందని చెప్పాలి. ఈ ప్రోగ్రాం వస్తే మీ అమ్మ మీ అమ్మలా ఉంటుందని అన్నాళ్లు చెప్పింది నేనే.

నా మాట అది వినలేదు. అప్పటికే మా గది తలుపు దాకా వెళ్లిపోయింది. ఇన్ని నెలల్లో నేను పిలవకుండా అది ఆ తలుపు తీయడం అదే మొదటిసారి. నేను లేవబోయేసరికి కుర్చీ కాలికి అడ్డం పడింది.

"అమ్మా," అని లోపల దాని గొంతు వినిపించింది. "లే అమ్మా. అన్నీ ఉన్నాయంట."

మంచం కిర్రుమంది. తర్వాత హైమ గొంతు, నిద్రమత్తులో, ఎంతో మెత్తగా:

"ఎవరు కావాలి తల్లీ?"